నేల టిక్కెట్టు చింపిందెవరు?

మన నోటికాడ కూడు లాక్కున్నోళ్లు, మన కాళ్లకింద నేల లాక్కున్నోళ్లు, ఇప్పుడు మన కళ్లముందు బొమ్మ కూడా లాక్కుంటున్నారు. ఈ మాట మేము అంటే మనోళ్లలోనే కొందరికి నవ్వొచ్చింది. "ఉక్కు ఫ్యాక్టరీ గురించి రాయండి మాస్టారూ, నిర్వాసితుల గురించి రాయండి, సిన్మాతో మనకేటి పని?" అన్నారు.

పనుంది. పేటలో పదేళ్ల పిల్లడికి అంబేద్కర్ బొమ్మ కంటే ముందు హీరో బొమ్మ తెలుస్తోంది. పెళ్లిలో పాట సిన్మాది, చావుకి వేసే ఫ్లెక్సీ మీద సగం బొమ్మ హీరోది. మన బుర్రలోకి రోజూ ఇంతగా దూరే సరుకు మీద ధర ఎవరు పెడుతున్నారు, గేటు దగ్గర ఎవరిని ఆపుతున్నారు, దానికోసం ఊరి భూమి ఎవరికి రాసిస్తున్నారు అని అడగొద్దా? అడుగుదాం.

నేల మనది, కుర్చీ వాళ్లది

టూరింగు టాకీసుల కాలం నుంచీ సిన్మా హాల్లో నాలుగు వర్ణాలున్నాయి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. టిక్కెట్టు ఇచ్చే కంత వేరు, లోపలికి దారి వేరు. నేల ఫలానా కులానిదని ఏ బోర్డు మీదా రాయలేదు. రాయక్కర్లేకపోయింది. కూలి డబ్బుకి దొరికేది నేలే గనక మాల, మాదిగ, రెల్లి, చాకలి, గవర, జాలరి అందరూ నేల మీదే ఇసుక పోగు చేసుకుని కూచున్నారు. కరణం గారి కుటుంబం వెనక కుర్చీల్లో కూచుంది.

అయినా నేలకి ఒక బలం ఉండేది. ఈల వేసింది నేల. సిన్మా బాగుంటే పదిసార్లు చూసి ఆడించింది నేల. బాగోపోతే మొదటాటకే తేల్చేసింది కూడా నేలే. వందరోజుల షీల్డులు పుచ్చుకున్న పెద్దమనుషులు ఆ షీల్డుని మన వేరుశెనక్కాయల పొట్టు మీద నిలబడి పుచ్చుకున్నారు.

అలాగని ఆ రోజులు బంగారం అని మేము అనడం లేదు. చుండూరుని మరిచిపోతామా? 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరు సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు వరసలో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. కాలు తగిలిన పాపానికి పేట మొత్తాన్ని సాంఘికంగా వెలేశారు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వేటాడి నరికి, గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. హాల్లో దీపాలు ఆర్పేస్తే చీకటి అందరికీ సమానమే అనుకుంటాం. ఆ చీకట్లో కూడా కాలుకి కులం ఉందని చుండూరు చెప్పింది.

తెర మీద సంగతీ అంతే. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. ఆ కాలానికి అది ధైర్యమైన పనే, కాదనం. కానీ మాలపిల్ల వేషం కట్టింది కాంచనమాల. మన పిల్ల కథ కావాలి, మన పిల్ల అక్కర్లేదు. పక్కన మళయాళంలో 'విగతకుమారన్' అనే మూకీలో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయరు స్త్రీ వేషం వేస్తే, దళితురాలు నాయరు వేషం కడుతుందా అని తరిమి తరిమి ఊరొదిలేలా చేశారు. మాలపిల్ల వేషం పైకులపామె కట్టొచ్చు. పైకులపామె వేషం మాత్రం మన ఆడది కట్టకూడదు. ఇదీ భారతీయ సినిమా పుట్టుక.

గాజు మేడ లెక్క

మన దేశంలో మొదటి మల్టీప్లెక్సు 1997లో ఢిల్లీ సాకేత్‌లో పీవీఆర్ వాళ్లు తెరిచారు. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ వచ్చింది. మహారాష్ట్ర వంటి రాష్ట్రాలు మల్టీప్లెక్సు కడితే చాలు వినోదపు పన్ను కొన్నేళ్లు కట్టక్కర్లేదన్నాయి. మన టూరింగు టాకీసుకి ఏ సర్కారైనా ఇలాంటి సెలవు ఇచ్చిందా? 2023లో పీవీఆర్, ఐనాక్స్ రెండూ కలిసిపోయి ఒకటే కంపెనీ అయ్యాయి. దాని చేతిలో ఇప్పుడు దేశమంతా 1,700కు పైగా తెరలున్నాయి. సిన్మా హాలంటే ఒకప్పుడు ఊళ్లో ఒక ఆసామి. ఇప్పుడు షేరు మార్కెట్టు.

మన విశాఖ చూడండి. ఒక సినిమా హాలు పేరే ఊరి నడిబొడ్డుకి పేరైంది, జగదాంబ సెంటరు. అలాంటి ఊళ్లో ఇప్పుడు సిన్మా అంటే మద్దిలపాలెం సీఎంఆర్ సెంట్రల్, బీచి రోడ్డు వరుణ్ మాలు. దువ్వాడ, కూర్మన్నపాలెం, వడ్లపూడి, అగనంపూడి జనం గాజువాక దాటి ఊరంతా తిరిగి అక్కడికి పోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు, మంచిదే. దువ్వాడ సెజ్‌లో షిఫ్టు దిగిన ఆడపిల్ల మాలు గేటు దాకా టిక్కెట్టు లేకుండా పోగలదు. అక్కడి నుంచి అసలు టిక్కెట్టు మొదలవుతుంది.

లెక్క కడదాం రండి. 2022 మార్చి 7న వచ్చిన 13వ నంబరు జీవో ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటు 150, వాలు కుర్చీ 250. దీని మీద జీఎస్టీ 18 శాతం. అంటే మామూలు సీటు 177 రూపాయలు. మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలు కలిసి పోతే 708. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307. రెండు రోజులు ఎండలో మట్టి తవ్వినా 614. ఇంకా 94 తక్కువ. తినడానికి ఏమీ కొనకుండానే సుమా!

ఇది మామూలు రోజుల ధర. పెద్ద హీరో సిన్మా వస్తే సర్కారే కూచుని ధర పెంచుతూ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తుంది. 2025 సెప్టెంబరులో 'ఓజీ' సినిమా బెనిఫిట్ షోకి మన రాష్ట్రంలో టిక్కెట్టు 1,000 రూపాయలకి అనుమతి ఇచ్చారు. ఒక్క మనిషి, ఒక్క ఆట, మూడు రోజుల కూలి పైచిలుకు. బెనిఫిట్ అంటే లాభం. ఎవరికి లాభం? మన పిల్లలు అప్పు చేసి కొంటున్నారు గనక మనకైతే కాదు.

ఇక్కడ ఇంకో సంగతి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టిక్కెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. వంద దాటితే 18 అలాగే ఉంది. పేదోడి టిక్కెట్టుకి పన్ను తగ్గించామని చెప్పుకోడానికి బాగుంది. కానీ వంద లోపు టిక్కెట్టు దొరికే హాలేది? హాళ్లు ఒక్కొక్కటీ కల్యాణ మండపాలు, గోడౌన్లు అయిపోతుంటే, ఉన్నవి రంగులేసుకుని ధర పెంచుకుంటుంటే, తగ్గిన పన్ను ఎవరి జేబులోకి వస్తుంది? లేని చెట్టుకి కాయలు పంచినట్టుంది.

2021 ఏప్రిల్‌లో 35వ నంబరు జీవో తెచ్చి గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలుకి 5, 10, 15 రూపాయలన్నారు. అయిదు రూపాయలకి కరెంటు బిల్లు రాదని యజమానులు గోల పెట్టారు. ఆ గోలలో కొంత నిజం లేకపోలేదు. ఏడాది తిరక్కుండా జీవో మారింది. ఒకసారి అయిదు రూపాయలు, ఇంకోసారి వెయ్యి రూపాయలు. మధ్యలో కూలోడి సత్తువ ఎంత అని ఏ కమిటీ అయినా పేటకొచ్చి అడిగిందా?

కులం అడగరట!

కొందరు చదువుకున్న మన తమ్ముళ్లు అంటారు: "మాస్టారూ, మల్టీప్లెక్సులో కులం అడగరు. ఫోనులో సీటు నంబరు కొనుక్కుంటాం. మన పక్కన ఎవడు కూచున్నాడో వాడికీ తెలీదు, మనకీ తెలీదు. పాత హాల్లో నేల మీద కూచోబెట్టిన దానికంటే ఇది నయం కాదా?"

ఈ మాటని మేము కొట్టిపారెయ్యం. చుండూరు తర్వాత ఆ మాటకి విలువుంది. సీటుకి నంబరు ఉండడం, నంబరుకి కులం లేకపోవడం మంచిదే. ఉద్యోగం వచ్చిన దళిత పిల్ల చల్లటి హాల్లో కాలు మీద కాలేసుకుని సిన్మా చూస్తే మా కడుపు నిండుతుంది. కానీ తమ్ముడూ, సీటు దాకా రానిచ్చినోళ్ల సంగతి చెప్పావు. గేటు దగ్గర ఆగిపోయినోళ్ల సంగతి?

2023 మార్చి 30న చెన్నై రోహిణి థియేటరులో 'పత్తు తల' సినిమాకి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన నరికురవ కుటుంబాన్ని లోపలికి పోనివ్వలేదు. చేతిలో టిక్కెట్టు ఉంది. ఒంటి మీద బట్ట, మొహం మీద జాతి కనిపించాయి. జనం కేకలేసి వీడియో బయటికొచ్చాక లోపలికి పంపారు. 2024 జూలైలో బెంగుళూరు జీటీ మాలులో సిన్మాకొచ్చిన ముసలి రైతుని పంచె కట్టాడని ఆపేశారు. నిరసన లేచాక కర్ణాటక ప్రభుత్వం ఆ మాలుని ఏడు రోజులు మూయించింది. పాత హాలు మనల్ని లోపలికి రానిచ్చి నేల మీద కూచోబెట్టింది. కొత్త హాలు గేటు దగ్గరే మనిషిని చూసి లెక్కేస్తుంది. కులం అని నోటితో అనదు. "డ్రెస్సు" అంటుంది, "పాలసీ" అంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. బయటి తిండి హాల్లోకి తెచ్చుకోనివ్వాలని జమ్ము కాశ్మీరు హైకోర్టు 2018లో చెప్పింది. 2023 జనవరి 3న సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసి, హాలు యజమాని సొంత ఆస్తి గనక షరతులు పెట్టుకోవచ్చంది. అయితే మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిలి పట్టింది ఈ నీళ్లకోసమే. కారంచేడులో 1985లో రక్తం పారింది నీళ్ల దగ్గరే. మనం పోయినప్పుడు అడుగుదాం, నీళ్ల కుళాయి ఎక్కడ అని. సీసా కొనుక్కోమంటే కోర్టు మాట చెబుదాం.

ఇంకో ప్రశ్న కూడా వెయ్యాలి. ఆ గాజు మేడలో మరుగుదొడ్డి కడిగే చేతులు ఎవరివి? ఏ ఏజెన్సీ పేరు మీద, ఎంత జీతానికి, పీఎఫ్ ఉందా లేదా? ఆ చేతులు గలామె తన పిల్లల్ని అదే హాల్లోకి ఒక్కసారైనా తీసుకుపోగలదా?

భూమి ఎవరిది?

భూమి గురించి రాయమన్నారు కదా, ఇక్కడే ఉంది భూమి.

ఉక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చింది జనం. ఉక్కు కోసం అరవైకి పైగా ఊళ్లు ఖాళీ చేసి ఇరవై వేల ఎకరాల పైచిలుకు భూమి ఇచ్చింది జనం. ఆర్ కార్డు చేతికిచ్చి ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆ కార్డు తాత చేతి నుంచి మనవడి చేతికొచ్చింది, ఉద్యోగం రానోళ్లు ఇంకా వేలల్లో ఉన్నారు. సెంటు భూమి అడిగితే "ఎక్కడుందయ్యా భూమి?" అంటారు.

ఉంది. సిన్మా పేరు చెబితే ఉంది. రామానాయుడు స్టూడియోకి సముద్రం ఒడ్డున కొండమీద 34.44 ఎకరాలు ఇచ్చారు. తెలుగు సిన్మా విశాఖకి వస్తుంది, కుర్రాళ్లకి పనులొస్తాయి అన్నారు. 2023లో అందులో 15.17 ఎకరాలు ఇళ్ల లేఅవుటుగా మార్చుకోడానికి అప్పటి ప్రభుత్వం ఒప్పుకుంది. జనం కోర్టుకెక్కితే, 2025లో ఇప్పటి ప్రభుత్వం ఆ భాగాన్ని రద్దు చేస్తామని నోటీసుల దాకా వచ్చింది. కైలాసపురంలో పోర్టు భూమి 17 ఎకరాల్లో ఇనార్బిట్ మాలుకి 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. బీచి పక్కన హార్బర్ పార్కు దగ్గర 13 ఎకరాలకు పైగా భూమిని మాలు కట్టుకోమని 2025లో లులు సంస్థకి 99 ఏళ్ల లీజుకి రాశారు. 2018లో ఇచ్చారు, 2019లో తీసేశారు, 2025లో మళ్లీ ఇచ్చారు. పార్టీలు మారాయి, సర్కార్లు మారాయి. మన చేతికి మాత్రం ఆ భూమి ఒక్క రోజూ రాలేదు.

తొంభై తొమ్మిదేళ్లు! నిర్వాసితుడి మనవడి మనవడు కూడా అక్కడ టిక్కెట్టు కొనుక్కునే బతకాలన్నమాట.

కథ మనది, కలెక్షను వాళ్లది

తెలుగు సిన్మా ప్రపంచాన్ని గెలిచిందని టీవీల్లో ఊదరగొడుతున్నారు. 'బాహుబలి' అన్నారు, 'ఆర్ఆర్ఆర్' అన్నారు, 2023లో పాటకి ఆస్కారు వచ్చిందన్నారు. మన భాషకి పేరొస్తే మనకీ సంతోషమే. కానీ 'బాహుబలి'లో కాలకేయులెవరు? నల్లటి ఒళ్లు, అర్థంకాని భాష, మనిషి లక్షణం లేని గుంపు. తెల్లటి రాజకుమారుడు వాళ్లని నరికితే మన పిల్లలే ఈలలేశారు. తెర మీద నరికేది ఎవర్నో చూసుకోండి నాయనలారా, ఆ రంగు మీదే.

మన మనుషుల కథలు రాలేదా? వచ్చాయి. మన విశాఖ కంచరపాలెంలోనే వెంకటేష్ మహా అనే దర్శకుడు ఆ పేట మనుషుల్నే నటులుగా పెట్టి తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరులో విడుదలైంది. అందులో మొహాలు మన మొహాలు, యాస మన యాస. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' తీశాడు, కింది కులాల అన్నదమ్ముల కథ. తమిళంలో పా. రంజిత్ సొంతంగా నిర్మాణ సంస్థ పెట్టి మారి సెల్వరాజ్ చేత 2018లో 'పరియేరుం పెరుమాళ్' తీయించాడు. లా కాలేజీలో చదువుకునే దళిత కుర్రాడి అవమానాన్ని అందులో దాచకుండా చూపించారు. మరాఠీలో నాగరాజ్ మంజుళే 2016లో 'సైరాట్' తీస్తే వంద కోట్లు దాటిన మొదటి మరాఠీ సిన్మా అయ్యింది. మన కథ ఆడదు అన్న మాట అబద్ధమని తేలిపోయింది.

మరి తెలుగులో ఇలాంటివి ఏడాదికి ఒకటీ అరా ఎందుకు? తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడండి. హాళ్లు చాలావరకు కొద్దిమంది పెద్దల లీజులో ఉన్నాయి. పరిశ్రమలోనే వాళ్లని "ఆ నలుగురు" అని పిలుచుకుంటారు. పండగ రోజుల్లో హాళ్లన్నీ పెద్ద సిన్మాకే. చిన్న సిన్మాకి మార్నింగ్ షో దొరికితే అదృష్టం. పైగా డిజిటల్ కంపెనీలకి ప్రతి హాలుకీ ఫీజు కట్టాలి. నూట యాభై కోట్ల సిన్మాకీ, కోటి రూపాయల సిన్మాకీ ఆ మిషను ఒక్కటే. 2018 మార్చిలో ఈ ఫీజుల మీదే దక్షిణాది హాళ్లు మూతపడ్డాయి. 2025 మేలో చిన్న హాళ్ల యజమానులు "మల్టీప్లెక్సుకి ఇచ్చినట్టు మాకూ అద్దె బదులు వాటా ఇవ్వండి" అని, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామన్నారు. చివరికి వెనక్కి తగ్గారు. పెద్దోళ్లు పెద్దోళ్లు పంచుకునే లెక్కల్లో చిన్న హాలోడే నలిగాడు, నేల టిక్కెట్టు కొనేవాడి పేరు అసలు ఎత్తేవాడే లేడు.

ఆ హీరోలు ఏ నాలుగు కుటుంబాలు, ఏ రెండు మూడు కులాలు అన్నది మీకు మేము చెప్పక్కర్లేదు. వాళ్ల కటౌటుకి పాలు పోసేది ఎవరు? మన పేట కుర్రాడు. ఇంట్లో చంటిదానికి పాలు లేవు, ఫ్లెక్సీకి బిందెడు పాలు. ఒక హీరో కోసం ఇంకో హీరో అభిమాని తల పగలగొట్టేది ఎవరు? ఇద్దరూ మన పేట కుర్రాళ్లే! 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప-2' ప్రీమియరు తొక్కిసలాటలో ఒక తల్లి చచ్చిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా పోయాడు. అభిమానం అనే మాటలో ఉన్న మానం ఎవరిది, పోయిన ప్రాణం ఎవరిది?

ఏం చేద్దాం?

ఏడుస్తూ కూచోడానికి ఇది రాయలేదు. పనులున్నాయి.

ఒకటి. 2022 జీవోలో హాళ్లలో కనీసం 25 శాతం సీట్లు తక్కువ ధర తరగతికి ఉంచాలని ఉంది. ఈ పదిహేను రోజుల్లో ప్రతి పేట నుంచి ఇద్దరు కుర్రాళ్లు దగ్గర్లో ఉన్న హాలుకి పోయి లెక్కపెట్టండి. మొత్తం సీట్లెన్ని, తక్కువ ధరవి ఎన్ని, బోర్డు మీద ధర రాశారా, మంచినీళ్లున్నాయా. కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి తెండి. వాటితో జాయింటు కలెక్టరు ఆఫీసుకి పోదాం.

రెండు. అదే జీవోలో రోజుకి అయిదో ఆట వేసుకుంటే, ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక ఆట చిన్న సిన్మాకి ఇవ్వాలని ఉంది. ఇస్తున్నారా? ఇవ్వకపోతే అది కూడా రాయండి.

మూడు. పెద్ద సిన్మాలకి ధర పెంచుతూ ఇచ్చే ఉత్తర్వులు తక్కువ ధర సీట్లని ముట్టుకోకూడదు. కావలిస్తే వాలు కుర్చీవాడి దగ్గర రెండు వేలు తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. కింది పాతిక సీట్లు మాత్రం కూలోడివి.

నాలుగు. ప్రజల భూమి లీజుకి తీసుకున్న ప్రతి మాలులో ఒక తెర మీద రోజుకి ఒక ఆట వంద లోపు టిక్కెట్టుతో నడపాలి. ఊడ్చేవాళ్లకీ, కాపలావాళ్లకీ ఏజెన్సీ బతుకు తీసేసి నేరుగా జీతమివ్వాలి. ఉద్యోగాల్లో నిర్వాసితుల పిల్లలకి మొదటి వాటా ఇవ్వాలి. భూమి మాది అయినప్పుడు షరతు కూడా మాదే అవుతుంది.

అయిదు. వాళ్లు రానివ్వకపోతే మనం తెచ్చుకుందాం. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెర కట్టి ఊరంతా కూచుని చూశారు, కలిసి ఏడ్చారు, విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని విన్నాం. మన అంబేద్కర్ భవనాలు ఏడాదికి రెండుసార్లు దండ వెయ్యడానికేనా? ఒక ప్రొజెక్టరు, ఒక తెల్లదుప్పటి, రెండు స్పీకర్లు చాలు. తీసినవాళ్ల దగ్గర అనుమతి ఉత్తరం తీసుకుని ఏప్రిల్ 11న, 14న, ఆగస్టు 6న, డిసెంబరు 6న పేటలో సిన్మా వేద్దాం. చూశాక దీపాలు వేసి మాట్లాడుకుందాం. ఎవడు హీరో, ఎవడు విలను, వంట చేసిన మనిషికి పేరెందుకు లేదు, చచ్చిపోయినోడు ఏ పేటోడు అని ఆడవాళ్లు కూడా లేచి అడగాలి. ఆ రాత్రికి కుర్చీలు వద్దు. కలెక్టరొచ్చినా, సర్పంచొచ్చినా, మేమొచ్చినా అందరం నేల మీదే.

ఆరు. పాలాభిషేకం చేసే తమ్ముళ్లకి ఒక్క మాట. మీ చేతిలో ఫోను ఉంది, దాంట్లో కెమేరా ఉంది. మీ అమ్మ కథ, ఆర్ కార్డు పట్టుకుని తిరిగిన మీ తాత కథ, తెల్లారకముందే వీధులూడ్చే రెల్లి అక్క కథ ఇంకెవడూ తియ్యడు. మీరే తియ్యండి. బాగా రాకపోయినా పరవాలేదు, మొదటాట మన పేటలోనే వేద్దాం.

నేల మనకి వాళ్లు అవమానంగా ఇచ్చారు. ఆ నేల మీద కూచునే మనం ఈల వేశాం, సిన్మాని బతికించాం. ఇప్పుడు ఆ టిక్కెట్టు చింపేసి మనల్ని గేటు బయట నిలబెడుతున్నారు. బయట నిలబడ్డం మనకి కొత్త కాదు. చెరువు బయట, గుడి బయట, బడి బయట నిలబడ్డోళ్లమే. కలిసికట్టుగా తోస్తే తలుపు తెరుచుకుంటుందని కూడా అక్కడే నేర్చుకున్నాం.

లెక్కలు రాసిన కాగితాలు వచ్చే సంచికలోగా పంపండి. వచ్చినవన్నీ హాలు పేరుతో సహా ఇదే పేజీలో అచ్చువేద్దాం.

జై భీం!